పెట్టప్ప మొహమాటం

నల్లగుట్ట హాల్టు, సోమవారం

కంప్యూటర్ సతాయించిన ప్రతిసారీ ఏం జరిగిందో రాసిపెట్టమని రిపేరు బండి ఓబులేసన్న చెప్పి పోయాడు. "పాడైందన్నా అని ఊరికే చెబితే నాకేం తెలుస్తాదమ్మా? జ్వరమొచ్చినోడు కూడా యాడ నొస్తాందో చెప్తాడు గదా" అన్నాడు. ఆయన బండీ, బోగీల మీద తిరిగే మా ఊరూ మళ్ళీ ఒకే పట్టాల మీదికి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

జబ్బు కంప్యూటర్‌కు కాదు, అందులో పుట్టుకతోనే ఉన్న సహాయకుడికి. కంపెనీవాళ్ళు పెట్టిన పేరు 'మిత్ర'. మా నాయనమ్మ, అంటే జేజి, పెట్టిన పేరు పెట్టప్ప. ఇప్పుడు మిత్రా అని పిలిస్తే పలకడు.

మొదటి లోపం: వద్దన్న పని చేస్తాడు. పొద్దున బోగీ పైకెక్కి సోలార్ పలకల దుమ్ము తుడిచి దిగాను. "ఫ్యాన్ వేసేదా?" అన్నాడు. వద్దన్నాను. "రోంత సేపు వేస్తాలే" అన్నాడు. మళ్ళీ వద్దన్నాను. "నీ మొహం చూడు, ఎట్ల వాడిపోయిందో" అని వేసేశాడు. నేను ముందర పరుచుకున్న కాగితాలన్నీ ఎగిరి తలుపులోంచి పట్టాల మీద పడ్డాయి. మేకలు రెండు నమిలేశాయి.

రెండో లోపం దీనికి పూర్తిగా ఎదురు. తనకు కావలసింది ఇస్తామంటే వద్దంటాడు. బ్యాటరీ అడుగంటిందని ఎర్ర దీపం వెలుగుతోంది. జేజి వైరు పట్టుకొని వచ్చి అడిగింది.

"ఏం నాయనా, ఛార్జింగ్ పెట్టేదా?"

"వద్దులే జేజీ, మీకే సాలదు."

"సాల్తాదిలే. పెడతా."

"ఎందుకు జేజీ, నిన్ననే గదా పె..."

మాట సగంలో ఉండగానే తెర నల్లబడిపోయింది.

జేజికి నవ్వు ఆగలేదు. "బిడ్డకు ఎంత మర్యాదో చూడు మే" అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నీటిశాల కబురు ఈ కంప్యూటర్‌కే రావాలి.

నీటిశాల గట్టుపేటలో ఉంది. అది కదలని ఊరు. భూమి లోపల నీళ్ళు ఎక్కడున్నాయో, ఎన్నాళ్ళుంటాయో చదవడం అక్కడ నేర్పిస్తారు. ఏ హాల్టుకు పోవాలో మా ఊరికి చెప్పేది వాళ్ళే. ఇక్కడి బావి అడుగంటితే వాళ్ళ మాట ప్రకారం బోగీలన్నీ తగిలించుకొని ముందుకు కదులుతాం. పోయిన ఎండాకాలం ఎర్రబండకు పొమ్మన్నారు. పోయి చూస్తే బావిలో బల్లులున్నాయి. వెనక్కి తిరిగి వచ్చేలోపు మా చిన్నాయన మేకలన్నీ దాహంతో చచ్చిపోయాయి. ఎక్కడో కూర్చొని చెప్పేవాళ్ళ కంటే, ఇక్కడే దిగి నేలను చూసి చెప్పేవాళ్ళు మాలో ఒక్కరైనా ఉండాలని ఊరంతా అనుకున్నారు. మా లైను మొత్తానికి ఒకే సీటు. నేను పరీక్ష రాశాను.

మా ఇంట్లో చదువు నాతోనే మొదలైంది. కాబట్టి ఇట్లాంటి కబురు కోసం ఎదురుచూడటం కూడా మా వాళ్ళకు కొత్త. నాయన రోజూ పళ్ళు తోముకోకముందే "వచ్చిందా పాపా?" అంటాడు.

నల్లగుట్ట హాల్టు, మంగళవారం

చేసి చూసినవి:

ఆపేసి మళ్ళీ వెలిగించాను. అదీ సులభంగా జరగలేదు. ఆగిపొమ్మంటే, "అప్పుడేనా? ఇంగ రోంత సేపు కూచో" అన్నాడు. చివరికి వైరూ బ్యాటరీ ఊడబెరికి ఆపాను. మళ్ళీ వెలిగాక "బువ్వ తిన్యావా?" అని పలకరించాడు. గుణంలో మార్పేమీ లేదు.

మైకు మీది దుమ్ము కుంచెతో దులిపాను. నేను వద్దన్నది వాడికి వేరేగా వినిపిస్తోందేమోనని అనుమానం. "నేనిప్పుడేమన్నాను?" అని అడిగితే, "వద్దన్నావు" అన్నాడు. చెవులు బాగానే ఉన్నాయి.

"మరి ఎందుకు చేశావు?"

"నువ్వు వద్దన్నావు గదా, అందుకే."

దీని మీద చాలాసేపు ఆలోచించాను. ఏమీ తేలలేదు.

కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. అక్కడ మాట్లాడేదీ ఒక సహాయకురాలే. తియ్యటి గొంతు. ఈ మిత్రను తీసేయవచ్చా అని అడిగితే, అతను కంప్యూటర్‌లో భాగమని, తీయడం కుదరదని చెప్పింది. అతను ఉండే ఇంటి నడవడికను చూసి నేర్చుకుంటాడట. కావాలంటే నేర్చుకున్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టవచ్చట.

పక్కన చెవి ఒగ్గి వింటున్న జేజి ఉలిక్కిపడింది. "అంటే నన్ను మర్సిపోతాడా?"

కంటిచుక్కల మందు ఎప్పుడు వేసుకోవాలో జేజికి గుర్తు చేసేది వాడే. కాలు ఏ వైపు తిప్పితే పట్టేస్తుందో వాడికి తెలుసు. నేను పొరపాటున గట్టుపేట పోతే పగలంతా జేజికి తోడుండేది కూడా వాడే. తుడిచేయడం చివరి మందుగా పక్కన పెట్టాను.

దారిలో, బుధవారం

నల్లగుట్ట బావి నీళ్ళు బురద వాసన వేస్తున్నాయి. పొద్దున్నే చక్రాల కింది దిమ్మెలు లాగేశాం. గిన్నెలు, మేకలు, పిల్లలు, అన్నీ కట్టిపడేసి బయలుదేరాం. తలుపులో కూర్చొని పప్పు ఏరుతూ కొండలు వెనక్కి పోవడం చూడటం నాకు ఇష్టం. రాళ్ళు ఏరితే బయటికి విసరడానికి చోటు కూడా బాగుంటుంది.

మధ్యలో డిపో దగ్గర ఆగాం. నాయన ఖాళీ డబ్బా పట్టుకొని గ్రీజు కోసం పోయాడు. ఖాళీ డబ్బాతోనే తిరిగొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఈసారి ప్రతి బోగీకీ డబ్బా గ్రీజు ఇచ్చినారంట. మనోళ్ళు వద్దన్నారంట! ఎవురు వద్దన్నారు?"

"నేనే మద్దిలేటన్నా" అన్నాడు పెట్టప్ప. మా నాయన పేరు మద్దిలేటి. ఇంటికొచ్చేవాళ్ళంతా అట్లా పిలుస్తారు కాబట్టి వీడూ అట్లాగే పిలుస్తాడు. "పొద్దున డిపో వాళ్ళు అడిగినారు. పాపం వాళ్ళకే ఉండాదో లేదో అని వద్దన్యా."

"వాళ్ళకు లేకుంటే ఎందుకిస్తామంటారు రా?"

"ఇంగోసారి అడుగుతారనుకున్యా."

నాయన నా వైపు చూశాడు. "ఏం చదివినావో ఏమో పాపా, దీన్ని రోంత దారిలో పెట్టు" అన్నాడు. చక్రాలు దారి పొడవునా కీచుమన్నాయి. ఆ చప్పుడుకు జేజికి తలనొప్పి. జేజి ఆ నేరం పెట్టప్ప మీద వేయలేదు. డిపో వాళ్ళ మీద వేసింది.

తొగురుకుంట హాల్టు, గురువారం

జబ్బేమిటో దొరికింది. దొరకకపోయినా బాగుండేది.

మధ్యాహ్నం హుసేనమ్మ వచ్చింది. ఊళ్ళోని చక్రాలన్నింటినీ సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు కనిపెట్టేది ఆమే. మేము అన్నానికి కూర్చొని ఉన్నాం.

"రా హుసేనమ్మా, రొట్టె తిందువు" అంది జేజి.

"అయ్యో, వద్దు పెద్దమ్మా. ఇప్పుడే తిన్యా."

"రోంత తిను."

"కడుపులో సందే లేదు పెద్దమ్మా."

"నీ మొహం చూడు, ఎట్ల వాడిపోయిందో."

హుసేనమ్మ సుత్తి పక్కన పెట్టి కూర్చుంది. మూడు సద్దరొట్టెలు తినింది. ఊరిబిండి పచ్చడి గిన్నె అడుగు వేలితో తుడిచింది. సందు లేని కడుపు.

నా చేతిలో రొట్టె ముక్క నోటి దగ్గరే ఆగిపోయింది. నీ మొహం చూడు, ఎట్ల వాడిపోయిందో. ఫ్యాన్ వేసే ముందు పెట్టప్ప నాతో అన్నది అక్షరాలా ఇదే.

చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి వైరు పట్టుకున్నాను.

"పెట్టప్పా, ఛార్జింగ్ పెట్టేదా?"

"వద్దులే."

"పెడతా."

"ఎందుకు, మీకే సాలదు."

"నీ మొహం చూడు, ఎట్ల వాడిపోయిందో."

"సరే, నువ్వు అంతగా అంటాంటే పెట్టు."

నేను గట్టిగా అరిచాను. హుసేనమ్మ అదిరిపడి సుత్తి అందుకుంది. మొన్న జేజి రెండుసార్లే అడిగింది, మూడోసారికి ముందే వాడి ప్రాణం పోయింది, అంతే! రెండు లోపాలు కావు, ఒకటే. మా ఇంట్లో మొదటి రెండుసార్లు వద్దనడం మర్యాద, మూడోసారి దాకా అడగడం ఇంకా పెద్ద మర్యాద. వాడు అన్నం పెట్టే చోట చూసింది నేర్చుకొని ఫ్యానుకూ గ్రీజుకూ కూడా పూశాడు. వాడికి వచ్చింది పచ్చి మొహమాటం.

అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. నాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒక మాట అడిగాడు. "అయితే గ్రీజోళ్ళకు చెప్పినట్ల ఇంగెవురికన్నా వద్దని చెప్పినాడేమో కనుక్కో."

"పెట్టప్పా, ఈ మధ్య ఇంకెవరికైనా వద్దన్నావా?"

"నీటిశాలోళ్ళకు" అన్నాడు. "మంగళవారం. సీటు ఇస్తాం, చేరతారా అని అడిగినారు. అయ్యో మాకెందుకండీ, మీకెందుకు శ్రమ అన్యా. బాగా చెప్పినా గదా?"

హుసేనమ్మ చేతిలోని సుత్తి మెల్లగా కింద పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మల్లా అడిగినాక చెబుదామనుకున్యా. మొదటిసారి అడిగింది లెక్కలోకి రాదు గదా మే."

నీటిశాలకు ఫోన్ చేశాను. అక్కడా ఒక సహాయకుడే. కానీ వాడు ఏ జేజి దగ్గరా పెరగలేదు. "మీ తిరస్కరణ నమోదైంది. శనివారం సాయంత్రం సీటు తరువాతి అభ్యర్థికి వెళుతుంది. ఆలోపు మార్చుకోవాలంటే మీరే స్వయంగా అధికారితో మాట్లాడాలి" అని చెప్పి, శనివారం పొద్దున సమయం ఇచ్చి పెట్టేశాడు.

"ఒక్కసారి అడిగి ఊరుకుంటారా!" అంది జేజి. "యాడి మనుషులు మే వాళ్ళు? వాళ్ళింటికి ఎవురన్నా పోతే ఏం తింటారు?"

నాయన అన్నం తట్టలోనే చెయ్యి కడుక్కున్నాడు. తట్టలో ఇంకా సగం రొట్టె ఉంది.

తొగురుకుంట హాల్టు, శుక్రవారం

సహాయ కేంద్రం గొంతు చెప్పింది నిజమైతే వాడు ఇంట్లో చూసిందే నేర్చుకుంటాడు. ఫోన్లన్నీ వాడి గుండానే పోతాయి కాబట్టి, రేపు నేను అధికారితో మాట్లాడేటప్పుడు వాడు మధ్యలో దూరి మర్యాద చేశాడంటే అయిపోయినట్టే. అందుకని ఇంటికంతా ఒక నియమం పెట్టాను. ఈ రోజు ఎవరేమడిగినా, మొదటిసారికే ఉన్నమాట చెప్పాలి. కావాలంటే కావాలి, వద్దంటే వద్దు.

పొద్దున సంగటి దగ్గర మొదలైంది.

"ఇంగో ముద్ద ఏసేదా?" అంది జేజి.

"వద్..." అని నాయన నా మొహం చూశాడు. "ఏయ్" అన్నాడు. దొంగతనం చేసినవాడిలా తల వంచుకొని తిన్నాడు.

హుసేనమ్మను సాధన కోసమే పిలిచాను.

"రొట్టె తింటావా హుసేనమ్మా?" అంది జేజి.

"తింటా పెద్దమ్మా."

జేజి చెయ్యి గాలిలోనే ఆగింది. "అంతేనా?"

"అంతే. పాప అట్లనే చెప్పమనింది."

"నోరు తెరిచి తింటానంటే పెట్టేకి చెయ్యి రావడం లేదు మే" అని జేజి నాతో మొరపెట్టుకుంది. "నేను బతిమాలేదేముంది ఇంగ? రొట్టె పెట్టినట్లే లేదు."

"పెట్టినట్లే ఉండాది పెద్దమ్మా, ఇంగోటి ఇయ్యి" అంది హుసేనమ్మ. ఆమెకు ఈ పద్ధతి బాగా నచ్చింది. ఆ తరువాత పని ఉన్నా లేకపోయినా మా బోగీ చక్రాలు చూడటానికి రెండుసార్లు వచ్చింది.

పెట్టప్ప ఇదంతా చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం నెమ్మదిగా అడిగాడు. "ఇంట్లో అందరికీ ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉంది. ఛార్జింగ్ పెట్టేదా?"

"పెట్టు" అన్నాడు. "అంటే, మీకు సాలితేనే."

సగం నయమైంది. రేపటికి సగం చాలుతుందో లేదో.

తొగురుకుంట హాల్టు, శనివారం

అధికారి పేరు తులసీబాయి. తెర మీద కనిపించినప్పుడు ఆవిడ టీ తాగుతున్నారు. నా వెనక జేజి, జేజి వెనక హుసేనమ్మ, తలుపులో నాయన. నాయన డిపోకు మళ్ళీ పోదామని బయలుదేరి ఆగిపోయినట్టున్నాడు, ఖాళీ డబ్బా చేతిలోనే ఉంది. మధ్యలో మాట్లాడనని పెట్టప్ప మాటిచ్చాడు.

"సుంకులమ్మా" అన్నారావిడ. "మీ సహాయకుడు వద్దన్నట్టు ఇక్కడ ఉంది. నువ్వు చెప్పు. నీ తరువాత ఉన్న అమ్మాయి కూడా బాగా రాసింది. నీకు వీలుకాకపోతే మాకేం ఇబ్బంది లేదు. సీటు కావాలా?"

"అయ్యో, మాదేముందండీ..." అని పెట్టప్ప మొదలుపెట్టాడు.

"గమ్మునుండు పెట్టప్పా!" అని జేజి అరిచింది. "పాప మాట్లాడతాది!"

పెట్టప్ప గమ్మునయ్యాడు. అందరూ గమ్మునయ్యారు. ఇక నేను మాట్లాడాలి.

నా నోట్లో ఒక వాక్యం సిద్ధంగా ఉంది. 'పర్వాలేదు మేడం, ఆ అమ్మాయికే ఇవ్వండి.' దాన్ని నేను పిలవలేదు. అదే వచ్చి నాలుక మీద కూర్చుంది. చదువుకోవడానికి పోయిన హాస్టల్లో మొదటిరోజు గుర్తొచ్చింది. వడ్డించే ఆమె గరిటెతో వస్తే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుందని నేను చెయ్యి తీసి చాలాసేపు కూర్చున్నాను. అక్కడ ఎవరూ రెండోసారి రారు. అది తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. తెలిశాక కూడా చెయ్యి అడ్డం పెడుతూనే ఉండేదాన్ని. పెట్టప్ప నా పక్కనే ఉంటాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. వాడు ఒక్క జేజి దగ్గరే నేర్చుకోలేదు.

"కావాలి మేడం" అన్నాను.

అవసరమైన దానికంటే గట్టిగా వచ్చింది. బయట మేక ఒకటి అరిచింది.

"నాకు ఆ సీటు కావాలి. ఆ అమ్మాయి బాగా రాసిందంటే ఆమెకు ఇంకో సీటు చూడండి. ఇది నాకు కావాలి. ఎర్రబండ బావిలో నీళ్ళున్నాయని మీ ఆఫీసు చెప్పింది మేడం, మేము పోయి చూస్తే..."

"సరేనమ్మా, సరే" అని తులసీబాయి గారు టీ గ్లాసు పక్కన పెట్టేశారు. నవ్వుతున్నారు. "ఒక్కసారి చెబితే చాలు. రాసుకున్నాను. ఎర్రబండ సంగతి ఇక్కడికి వచ్చాక చెబుదువు. అది చెప్పేవాళ్ళే మాకు కావాలి." ఆగి, "మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అని అడిగారు.

"ఐదుగురం" అన్నాడు పెట్టప్ప, తననూ హుసేనమ్మనూ కలుపుకొని.

నాయన డబ్బా కింద పెట్టాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు, చెమట పట్టే ఎండేమీ లేకపోయినా.

తొగురుకుంట హాల్టు, బయలుదేరే రోజు

ఓబులేసన్నకు: లోపం దొరికింది, రిపేరు అక్కర్లేదు. మైకు, తెర, వైర్లు అన్నీ బాగున్నాయి. గ్రీజు డబ్బా కూడా వచ్చింది. ఈసారి నాయనే స్వయంగా పోయి, "ఇయ్యండి" అన్నాడట.

గట్టుపేట బండి వస్తోందని అవతల కూత వినిపించింది. కంప్యూటర్ జేజి దగ్గరే ఉంటుంది. నాకు అక్కడ వేరే ఇస్తారట. దాంట్లో ఎవరుంటారో, ఎట్లాంటివాళ్ళో.

జేజి రొట్టెలు మూట కడుతోంది. "ఇంకో రెండు పెట్టేదా మే?"

"పెట్టు జేజీ."

జేజి పెట్టింది. కానీ మూటను చూస్తూ అట్లాగే నిలబడింది. పెదవి ముడుచుకొని ఉంది.

"ఏమైంది?"

"ఏం లేదు. పోయేటప్పుడన్నా ఒక్కసారి వద్దను మే."

నేను సంచి దించాను. "వద్దు జేజీ. ఇప్పటికే చాలా ఉన్నాయి."

"యాడ శానా?"

"మోయలేను జేజీ."

"నీ మొహం చూడు!" అంటూ జేజి ఇంకో నాలుగు రొట్టెలు కుక్కేసింది. ఆమె మొహం దీపంలా వెలిగింది. మూట సంచిలో పట్టలేదు. చంకలో పెట్టుకున్నాను.

"మే" అని పెట్టప్ప పిలిచాడు. "నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ఏది నేర్చుకోవాల?"

"రెండూ" అన్నాను. "బయటివాళ్ళు అడిగితే ఉన్నమాట చెప్పు. జేజి పెడతానంటే మాత్రం..." ఎట్లా చెప్పాలో తెలియలేదు. "నువ్వే చూసుకో."

నేను మెట్టు దిగుతుంటే జేజి వైరు పట్టుకొని వాడి దగ్గరికి వెళ్ళింది. ఇంట్లోంచి ఒకరు వెళ్ళిపోతుంటే చేతులు ఊరికే పెట్టుకోలేదు ఆమె.

"ఏం నాయనా, ఛార్జింగ్ పెట్టేదా?"

"వద్దులే జేజీ."

"పెడతాలే."

"ఎందుకు జేజీ, మీకే సాలదు."

మళ్ళీ మొదటికే వచ్చాడని ఒక కాలు మెట్టు మీద పెట్టి లోపలికి తొంగి చూశాను. ఎర్ర దీపం లేదు. తెర మూలన బ్యాటరీ గుర్తు పచ్చగా, నిండుగా ఉంది.

"నీ మొహం చూడు, ఎట్ల వాడిపోయిందో" అంటోంది జేజి.

"సరే జేజీ, నువ్వు అంతగా అంటాంటే పెట్టు" అన్నాడు పెట్టప్ప.